పాపకి ఏడు పళ్ళు ఇక రావట… తప్పు నాదేనా?

ఉత్తరం రాసినావిడ పేరూ ఊరూ వద్దన్నారు. వయసు 34. సొంత మేనత్త కొడుకునే చేసుకున్నారు. పదేళ్ళ పాప ఒక్కతే. క్లాసులో పిల్లలందరికీ పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటే ఈ పాపకి ముందు వరసలో సందులు అలాగే ఉండిపోయాయి. దవడల్లో పాలపళ్ళు కదలనైనా లేదు. డెంటిస్టు దవడ మొత్తం కనబడే ఎక్స్‌రే, అదే ఓపీజీ, తీయించి చూసి ఏడు శాశ్వత దంతాలకు అసలు మొగ్గలే లేవన్నారు. పై వరసలో నడిమి పళ్ళకు చెరో పక్కన ఉండాల్సిన రెండు, కింద ముందు పన్ను ఒకటి, నాలుగు వైపులా చివరి పాల దవడ పళ్ళ స్థానంలో రావాల్సిన నాలుగు.

అప్పటి నుంచి ఇంట్లో రోజూ ఇదే గొడవ. "ఆరో నెలలో గ్రహణం పూట చెబితే వినకుండా వంటింట్లో కూరగాయలు తరిగింది" అని అత్తయ్య అందరి ముందూ అంటున్నారు. వాంతులు తట్టుకోలేక కొన్ని వారాలు కాల్షియం మాత్రలు మానేసిన సంగతి కూడా ఆవిడే గుర్తుచేస్తున్నారు. ఈవిడ తల్లి ఏమో "మేనరికం వద్దని అప్పుడే మొత్తుకున్నాను" అంటోంది. తండ్రి ఏమీ మాట్లాడడు. భర్త మంచివాడే కానీ, "జపాన్‌లో పళ్ళు మొలిపించే మందు వస్తోందట, నాలుగేళ్ళు ఆగుదాం" అని ఫోన్‌లో వీడియోలు చూపిస్తాడు. ఇంకో రోజు ఆయనే, పళ్ళు తక్కువున్న వాళ్ళకి క్యాన్సర్ వస్తుందని ఎక్కడో చదివి భయపడ్డాడు. ఒక క్లినిక్‌లో వేసవి సెలవుల్లో పాలపళ్ళు తీయించి ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి పెట్టే పళ్ళు, వేద్దామన్నారు. మరో డాక్టరు వాటి జోలికి పోవద్దన్నారు.

ఉత్తరం చివర్లో అసలు సంగతి ఉంది. ఈవిడ వదిన, అంటే భర్త అక్కగారు, ముందు పళ్ళలో ఒక బ్రిడ్జి, అంటే పక్క పళ్ళకు ఆనించి కట్టే పన్ను, పెట్టుకున్నారు. చిన్నప్పుడు పడి పన్ను విరిగిందని పెళ్ళిచూపుల్లో చెప్పారట. మొన్న ఏకాంతంగా కూర్చున్నప్పుడు, "నాకసలు ఆ పన్నే రాలేదు, ఎవరితోనూ అనకు" అని బయటపెట్టింది. "అత్తయ్య మాటలు పడుతున్నప్పుడల్లా ఈ మాట నోటి చివరి దాకా వస్తోంది, అనేయమంటారా?" అని అడుగుతున్నారు. పాప ఇవన్నీ వింటూనే ఉంది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది, స్కూల్లో గ్రూప్ ఫొటో రోజు కడుపు నొప్పని ఇంట్లో ఉండిపోయింది. తప్పు తనదేనా, పాలపళ్ళు తీయించాలా, జన్యు పరీక్షకు డబ్బు పెట్టాలా, ఇంకో బిడ్డను కనొచ్చా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. తప్పు మీది కాదు. ఓదార్పు కోసం అంటున్న మాట కాదిది. పన్ను ఎలా తయారవుతుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

కడుపులో బిడ్డకు ఆరో వారం నడుస్తుండగా, నోటి లోపలి పైపొర దవడ వెంబడి ఒక పట్టీలా దళసరి అవుతుంది. పళ్ళన్నిటికీ మొదలు ఆ పట్టీయే. దాని కింద మరో రకం కణాలు ఉంటాయి. అవి అక్కడ పుట్టినవి కావు, మెదడు, వెన్నుపాము తయారయ్యే చోటి నుంచి బయలుదేరి దవడకు చేరుకున్నవి. పైపొర నుంచి బీఎంపీ, ఎఫ్‌జీఎఫ్ అనే ప్రొటీన్లు కింది కణాలకు చేరతాయి. అవి అందగానే కింది కణాల్లో ఎంఎస్ఎక్స్1, పాక్స్9 అనే జన్యువులు పనిలోకి దిగుతాయి. అప్పుడు కింది కణాలు తమ వంతుగా పైకి సంకేతాలు పంపుతాయి. ఇలా పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ కబుర్లు నడిస్తేనే పైపొర లోపలికి దిగి మొగ్గ అవుతుంది, ఆ మొగ్గ టోపీలా విచ్చుకుంటుంది, ఆ తర్వాత గంట ఆకారానికి వస్తుంది. ఎలుకల్లో ఎంఎస్ఎక్స్1 గానీ పాక్స్9 గానీ పూర్తిగా లేకుండా చేసి చూశారు. పన్ను మొగ్గ దశ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

టోపీ దశలో పంటి మొగ్గ మధ్యలో కొన్ని కణాలు ఒక చిన్న ముడిలా గుమిగూడతాయి. దీని గురించి హెల్సింకిలో ఇర్మా థెస్లెఫ్ బృందం ఏళ్ళ తరబడి పనిచేసింది. ఈ ముడిలోని కణాలు తాము పెరగవు. సోనిక్ హెడ్జ్‌హాగ్, వింట్, బీఎంపీ, ఎఫ్‌జీఎఫ్ లాంటి సంకేతాలు పంపుతూ చుట్టుపక్కల కణాలను పెంచుతాయి. ఇటుక ముట్టకుండా గోడ కట్టించే మేస్త్రీ లాంటివి. పని పూర్తవగానే అవే చనిపోతాయి. దవడ పళ్ళలో ఇలాంటి ముడులు మళ్ళీ ఒకటి కంటే ఎక్కువ పుడతాయి, ఎక్కడ పుడితే అక్కడ పంటి మీద ఒక మిట్ట వస్తుంది. మీ పాప దవడ పన్ను మీద వేలితో తడిమితే తగిలే మిట్టలన్నీ అలా పుట్టినవే. 1969–70 ప్రాంతంలో కొల్లార్, బెయిర్డ్ అనే శాస్త్రవేత్తలు ఎలుక పిండాల్లో ముందు పన్ను పైపొరను దవడ పన్ను కింది కణాలతో జతచేసి పెంచారు. వచ్చింది దవడ పన్ను. అటూ ఇటూ మార్చి చూస్తే ముందు పన్ను వచ్చింది. అంటే ఆ దశకి వచ్చేసరికి ఏ పన్ను ఏ ఆకారంలో రావాలో కింది కణాలకు తెలిసే ఉంటుంది.

ఇక గ్రహణం సంగతి. శాశ్వత దంతాల మొగ్గలు పాలపళ్ళ మొగ్గల లోపలి అంచు నుంచి చీలి వస్తాయి. ఇవన్నీ ఒకేసారి రావు. ముందు పళ్ళవి కడుపులో అయిదో నెల ప్రాంతంలో మొదలవుతాయి. మీ పాపకి లేవన్న ఆ నాలుగు దవడ పళ్ళ మొగ్గలు మొదలయ్యేది బిడ్డ పుట్టాక, దాదాపు పదో నెలకి. మీరు కూరగాయలు తరిగిన రోజుకి వాటి పని ఇంకా మొదలే కాలేదు. ఒకే పాపకి, ఒకే రకంగా, కడుపులో మొదలవ్వాల్సిన పళ్ళూ లేవు, బయటికొచ్చాక మొదలవ్వాల్సిన పళ్ళూ లేవు. ఆరో నెలలో ఒక్క పూట జరిగిన ఏ పనికీ ఇది సాధ్యం కాదు.

కాల్షియం మీద మీకున్న అనుమానం కూడా తీరాలి. ఆ ఖనిజం పంటిలోకి చేరేది ఆకారం ఏర్పడ్డాకే. తక్కువైతే పన్ను నాణ్యత దెబ్బతినొచ్చు, మొగ్గ మాత్రం మాయం కాదు. పైగా తల్లి మాత్ర వేసుకోకపోతే బిడ్డ తల్లి ఎముకల్లోంచే తీసుకుంటుంది, నష్టపోయేది ఎక్కువగా తల్లే. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరాలను చూడండి. పళ్ళు పచ్చబడ్డాయి, మచ్చలు పడ్డాయి, పెచ్చులూడాయి. వరసలో పళ్ళు మాత్రం ఉన్నాయి. తిండీ నీళ్ళూ పంటి రంగునీ గట్టిదనాన్నీ మారుస్తాయి. పన్ను పుట్టాలా వద్దా అన్నది దాదాపు ఎప్పుడూ జన్యువుల చేతిలోనే ఉంటుంది. చిన్న వయసులో క్యాన్సర్‌కి కీమో, రేడియేషన్ తీసుకున్న పిల్లల్లో మొగ్గలు పోవడం ఉంది. మీ పాపకి అలాంటిదేమీ జరగలేదు.

శాశ్వత దంతాలు ఒకటో రెండో పుట్టుకతో లేకపోవడం మీరనుకున్నంత అరుదు కాదు. జ్ఞాన దంతాలను పక్కన పెట్టినా, నూటికి అయిదారుగురిలో ఉంటుంది. ఆరు అంతకంటే ఎక్కువ లేకపోవడమే అరుదు. మీ పాప ఆ అరుదైన జాబితాలో ఉంది కాబట్టి కాస్త లోతుగా చూడాల్సిందే.

దాదాపు ప్రతి జన్యువుకీ మనలో రెండేసి ప్రతులు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. పళ్ళ విషయంలో సంకేతం ఉందా లేదా అన్నదొక్కటే కాదు, ఎంత మోతాదులో ఉందన్నదీ ముఖ్యం. పాక్స్9లో ఒక ప్రతి పాడైతే చాలు, మోతాదు సగానికి పడిపోయి కొన్ని పళ్ళు రావు. ఎంఎస్ఎక్స్1 లోపం వల్ల ఒక కుటుంబంలో తరతరాలుగా పళ్ళు రావడం లేదని 1996లో తేలింది, పాక్స్9 సంగతి 2000లో. ఎక్కువగా దెబ్బతినేవి ఆయా వరసల్లో చివర పుట్టే పళ్ళు: పక్క ముందు పన్ను, రెండో చిన్న దవడ పన్ను, జ్ఞాన దంతం. మీ పాప ఎక్స్‌రేలో లేనివి చాలావరకు అవే చూడండి.

ఇప్పటిదాకా తెలిసినవాటిలో ఇలాంటి పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది వింట్10ఏ అనే జన్యువు. దీనికో ప్రత్యేకత ఉంది. ఒక ప్రతిలోనే మార్పు ఉంటే కొందరికి ఏమీ తెలియదు, కొందరికి ఒక పన్ను రాదు, కొందరికి ఒక పన్ను చిన్నగా మొలలా వస్తుంది. రెండు ప్రతుల్లోనూ ఉంటే చాలా పళ్ళు రావు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరే రాసి వదిలేసిన రెండు వాక్యాలు గుర్తుచేస్తాను. "నాకూ పై వరసలో ఒక పన్ను చిన్నగా సూదిలా ఉంటుంది, అది వేరే సంగతి" అన్నారు. "మా నాన్నకి యాభై దాటినా ఒక పాలపన్ను ఉండేది, అందరం నవ్వుకునేవాళ్ళం" అని ఇంకోచోట రాశారు. వేరే సంగతి కాదమ్మా. పాలపన్ను యాభై ఏళ్ళు నిలిచిందంటే దాని కింద అసలు పన్ను లేకపోయి ఉండొచ్చు. మీ నాన్నగారు, మీరు, మీ వదిన, పాప. మీ నాన్నగారూ అత్తయ్యా ఒక తల్లి బిడ్డలు. ఒకే మార్పు తాతముత్తాతల నుంచి ఇద్దరికీ వచ్చి, అక్కగారి కొడుకు ద్వారా ఒకటి, తమ్ముడి కూతురి ద్వారా ఒకటి పాపను చేరి ఉండొచ్చు. ఇది నా ఊహ, పరీక్ష చేస్తే తప్ప ఖాయంగా చెప్పలేం. ఒక్క ప్రతితోనే వచ్చే వేరే జన్యువు కూడా కావచ్చు. కానీ ఏదైనా సరే, మీ వైపా వాళ్ళ వైపా అన్న ప్రశ్నకి మీ ఇంట్లో అర్థం లేదు. రెండూ ఒకే వైపు.

మీ అమ్మగారి మాటలో కొంత నిజం ఉందని కూడా ఒప్పుకోవాలి. దగ్గరి సంబంధాల్లో ఒకే మార్పు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. కానీ ఆ నిజం ఉపయోగపడేది రాబోయే బిడ్డ గురించి ఆలోచించేటప్పుడు. పదకొండేళ్ళ కిందటి పెళ్ళి గురించి ఇప్పుడు రోజూ అనుకుంటే పాపకి ఒరిగేదేమీ లేదు. పైగా తను పుట్టడమే తప్పన్నట్టు ఆ పిల్లకి వినిపిస్తుంది.

వదిన మాట అత్తయ్య ముందు అనేయాలా అని అడిగారు. అంటే ఆ పూటకి అత్తయ్య నోరు మూతపడుతుంది. మీ గుండె బరువు కొంత దిగుతుంది. మరుసటి రోజు నుంచి వదిన మీతో మనసు విప్పి మాట్లాడదు, పెళ్ళిచూపుల్లో చెప్పిన అబద్ధం ఆవిడ అత్తవారింటి దాకా పోవచ్చు, అక్కడ పడాల్సిన మాటలు ఆవిడ పడాలి. నేనైతే ఆ దారి పట్టను. ఇంకో దారి, వదిననే అడగడం. "నీ సంగతి నేను చెప్పను, కానీ డాక్టరు కుటుంబ వివరాలు అడుగుతారు, పాప కోసం అక్కడ చెప్పనిస్తావా?" అని. ఒప్పుకుంటే చాలా మేలు జరుగుతుంది. ఒప్పుకోకపోతే పేరు లేకుండా, తండ్రి తోబుట్టువుల్లో ఒకరికి ఉంది అని మీ ఆయన డాక్టరుకు చెప్పినా సరిపోతుంది. మూడో దారి మీ నాన్నగారు. ఆయన పన్ను గురించి రహస్యమేమీ లేదు కదా. "అక్కా, నాకూ ఇదే ఉంది, మన ఇంటి నుంచే వచ్చినట్టుంది, పిల్లను ఏమీ అనకు" అని ఆయన ఒక్కసారి చెబితే, మీరు వందసార్లు వాదించినా రాని ఫలితం రావచ్చు. ఆయన ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఉన్నారు, మాట్లాడమని మీరే అడగండి. అత్తయ్య వెంటనే మారిపోతారని చెప్పను. గ్రహణం మీద నమ్మకం ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది, ఒక్క మాటతో పోదు. పాప వినేలా ఆ మాట అనకూడదన్న నియమం మాత్రం ఇంట్లో ఇవాళే పెట్టొచ్చు, అది మీ ఆయన నోటి నుంచి రావాలి.

ఇక పళ్ళ సంగతి. సెలవుల్లో పాలపళ్ళు తీయించి ఇంప్లాంట్లు అన్న సలహాకి మాత్రం దూరంగా ఉండండి. ఇంప్లాంట్ స్క్రూ ఎముకలో అతుక్కుపోతుంది. మామూలు పన్ను దవడతో పాటు కదులుతూ పెరుగుతుంది, ఇంప్లాంట్ కదలదు. పదేళ్ళ పిల్లకి వేస్తే, దవడ పెరిగేకొద్దీ పక్క పళ్ళు ముందుకూ కిందికీ వస్తాయి, ఇది లోపలే ఉండిపోతుంది. ముందు వరసలో అయితే అది స్పష్టంగా కనబడుతుంది, సరిచేయడం చాలా కష్టం. ఆడపిల్లలకైనా పదిహేడు పద్దెనిమిది దాటి, ఎదుగుదల ఆగిందని నిర్ధారించుకున్నాకే ఆ ఆలోచన. ఇంకొన్నేళ్ళు ఆగితే మరీ మంచిది. పళ్ళు దాదాపు ఏవీ లేని పిల్లలకి కింది దవడ ముందు భాగంలో ముందుగానే వేసే సందర్భాలు ఉన్నాయి కానీ, మీ పాప పరిస్థితి అది కాదు.

ఆ నాలుగు పాల దవడ పళ్ళు మీ పాపకి ఇప్పుడు పెద్ద ఆస్తి. కింద తోసే పన్ను లేదు కాబట్టి వేర్లు గట్టిగా ఉంటే ఇరవై, ముప్పై ఏళ్ళు దాటి కూడా నిలుస్తాయి. మీ నాన్నగారిదే సాక్ష్యం. అవి ఉన్నంతకాలం అక్కడ ఎముక కూడా అరగకుండా నిలబడుతుంది, రేపు ఇంప్లాంట్ వేయాలన్నా ఆ ఎముకే కావాలి. కాకపోతే వాటికి పుచ్చు పడితే ఇంకో పన్ను రాదు. ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోమడం, ఆరు నెలలకోసారి చూపించడం, పళ్ళ మీది గుంతలను పూడ్చే సీలెంట్ పూత వేయించడం, డాక్టరు చెప్పినప్పుడు వేర్లు అరుగుతున్నాయేమో ఎక్స్‌రేలో చూడటం తప్పదు. ఒక ప్రమాదం గమనించాలి. పాలపన్ను ఎముకకి అతుక్కుపోతే, పక్క పళ్ళు ఎదుగుతుంటే అది కుంగిపోతున్నట్టు కనబడుతుంది. కొద్దిగా కుంగితే పైన ఫిల్లింగ్ మెటీరియల్‌తో ఎత్తు పెంచుతారు. వేగంగా కుంగుతుంటే మాత్రం ఎదిగే వయసులోనే తీసేయాల్సి రావచ్చు. తీయాలా వద్దా అన్నది అప్పుడు ఒక్క పన్నును చూసి తేల్చేది కాదు, క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్టు మొత్తం దవడ లెక్క వేసి చెప్పాలి.

ముందు వరసకి రెండు దారులున్నాయి. ఒకటి, కోర పళ్ళను క్లిప్పులతో ముందుకి జరిపి ఆ ఖాళీలు మూసేయడం, వాటి మొనలను అరగదీసి పక్క పళ్ళలా కనబడేలా దిద్దడం. ఇలా చేస్తే జీవితాంతం కృత్రిమ పన్ను అవసరం ఉండకపోవచ్చు, కానీ కోర పన్ను రంగూ లావూ వేరు, బాగా దిద్దే చెయ్యి కావాలి. రెండోది, ఖాళీ అలాగే ఉంచి, పెద్దయ్యాక బ్రిడ్జో ఇంప్లాంటో పెట్టడం. అప్పటిదాకా తీసి పెట్టుకునే పళ్ళ ప్లేటు గానీ, వెనక నుంచి పక్క పంటికి అంటించే పన్ను గానీ నడుస్తుంది. రూపం సహజంగా ఉంటుంది, కానీ ఖర్చూ నిర్వహణా జీవితాంతం ఉంటాయి. దవడ పళ్ళ దగ్గర కూడా లేనివి ఉన్నాయి కాబట్టి, మీ పాపకి ఉన్న పళ్ళను జరపడానికి చోటు ఎంతో ముందు చూడాలి. ఇది పన్నెండు, పదమూడేళ్ళకి తీసుకునే నిర్ణయం. కానీ ఆర్థోడాంటిస్టుని ఇప్పుడే ఒకసారి కలవండి. ప్రైవేటులో ఖర్చు భారమైతే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి, అక్కడ పిల్లల విభాగమూ క్లిప్పుల విభాగమూ కలిసి చూస్తాయి.

ఇవన్నీ జరిగేదాకా పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే తిరగాలా? అక్కర్లేదు. నడిమి పళ్ళ మధ్య సందు మరీ ఎక్కువగా ఉంటే పంటి రంగు పదార్థంతో కొంత పూడ్చి రూపం సరిచేయొచ్చు, పన్ను అరగదీయాల్సిన పని లేదు, తర్వాత తీసేయొచ్చు. ఇది చిన్న పని, ఒక పూటలో అయిపోతుంది. దానికంటే ముందు పాపని కూర్చోబెట్టి ఎక్స్‌రే చూపించండి. "తాతయ్యకి ఉన్నదే, నాకున్నదే నీకూ వచ్చింది. నువ్వు చేసిందేమీ లేదు, నేను చేసిందీ లేదు. ఈ పళ్ళు రావు, వాటి బదులు ఏం పెట్టాలో మెల్లగా చూద్దాం" అని చెప్పండి. మీ సూది పన్ను చూపించండి. వదిన ఒప్పుకుంటే, ఆవిడ తన బ్రిడ్జి పాపకి తనే చూపిస్తే ఆ పిల్లకి కలిగే ధైర్యం మనం ఎన్ని మాటలు చెప్పినా రాదు. పెళ్ళి నాటికి ఇబ్బంది అని ఇప్పటి నుంచే దాచడం మొదలుపెడితే, వదిన ఇన్నేళ్ళుగా మోస్తున్న భయమే పాపకీ అంటుకుంటుంది.

జపాన్ మందు గురించి మీ ఆయన చూసింది అబద్ధం కాదు. యూఎస్ఏజీ-1 అనే ప్రొటీన్ ఇందాక చెప్పిన బీఎంపీ, వింట్ సంకేతాలను అడ్డుకుంటుంది. ఆ అడ్డు తొలగించే యాంటీబాడీని ఎలుకలకీ, ముంగిసలా కనబడే ఫెరెట్ అనే జంతువులకీ ఇస్తే పళ్ళు మొలిచాయని 2021లో ప్రచురించారు. క్యోటో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 2024లో మనుషుల మీద మొదటి ప్రయోగం మొదలైంది, అదీ కనీసం ఒక పన్ను లేని వయోజన మగవాళ్ళ మీద, మందు సురక్షితమేనా అని చూడటానికి. తర్వాతి దశకి వాళ్ళు అనుకుంటున్నది రెండు నుంచి ఏడేళ్ళ పిల్లలను. 2030 నాటికి అందుబాటులోకి తేవాలన్నది ఆ బృందం ఆశ. నాకూ ఆ పరిశోధన మీద ఆశ ఉంది. కానీ దాన్ని నమ్ముకుని ఇప్పుడు చేయాల్సినవి మానేస్తే, ఆ నాలుగేళ్ళలో పుచ్చిపోయే పాలపళ్ళను ఏ మందూ తిరిగి తేదు. పాలపళ్ళు కాపాడుకుంటూ ఎదురుచూస్తే నష్టమేమీ లేదు.

క్యాన్సర్ భయానికి మూలం ఉంది. యాక్సిన్2 అనే జన్యువులో మార్పున్న ఫిన్లాండ్ కుటుంబంలో చాలా పళ్ళు లేకపోవడంతో పాటు పెద్దపేగు క్యాన్సర్ కూడా ఉందని 2004లో తేలింది. ఇది అరుదు. మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్ గానీ, పేగులో పాలిప్స్ అనే కండ బొడిపెలు గానీ వచ్చాయా అని పెద్దవాళ్ళను అడగండి. ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. లేకపోతే దీని గురించి నిద్ర మానుకోకండి.

అంతకంటే ముందు గమనించాల్సినవి వేరే ఉన్నాయి. పాపకి ఎండలో ఆడితే చెమట మామూలుగా పడుతుందా? కారణం లేకుండా వేసవిలో ఒళ్ళు కాలిపోతుందా? జుట్టు, కనుబొమలు పలచగా ఉన్నాయా? గోళ్ళు పెళుసుగా, వంకరగా ఉన్నాయా? పళ్ళు, వెంట్రుకలు, గోళ్ళు, చెమట గ్రంథులు ఒకే పైపొర నుంచి, దాదాపు అవే సంకేతాలతో తయారవుతాయి. అందుకే కొన్ని జన్యు లోపాల్లో అన్నీ కలిపి దెబ్బతింటాయి. సింధ్ ప్రాంతంలోని ఒక హిందూ కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకి పళ్ళు కొన్నే ఉన్నాయని, ఒంటి మీద వెంట్రుకలు తక్కువని, వేసవిలో చర్మం ఎండిపోయి బాధపడతారని, కూతుళ్ళకి రాకపోయినా వాళ్ళ కొడుకులకి వస్తోందని డార్విన్ రాశాడు. ఇప్పుడు ఆ తరహా జబ్బుకి కారణం ఈడీఏ అనే జన్యువని తెలుసు. మీ పాపకి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్ష ఆలస్యం చేయకండి.

ఏవీ లేకపోతే పరీక్ష మీ ఇష్టం. పాపకీ మీ ఇద్దరికీ రక్తం తీసి జన్యువులను చదువుతారు. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, హైదరాబాద్‌లోనే సీడీఎఫ్‌డీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో జన్యు పరీక్షల విభాగం ఉంది. ముందు కౌన్సెలింగ్‌కి వెళ్ళి, పరీక్ష అవసరమా అని అక్కడే అడగండి. కారణం తేలితే ఇంట్లో నిందలకు తెరపడుతుంది, తర్వాతి బిడ్డ గురించి స్పష్టత వస్తుంది. డబ్బు పెట్టినా ఏమీ తేలకపోవడం, లేదా మంచిదో చెడ్డదో చెప్పలేని మార్పు కనబడటం కూడా మామూలే, దానికి సిద్ధపడి వెళ్ళండి. పాప పళ్ళకి చేసే వైద్యం మాత్రం ఫలితం ఏదైనా పెద్దగా మారదు.

ఇంకో బిడ్డ గురించి అడిగారు. మీ ఇద్దరిలోనూ ఒక్కో ప్రతిలో మార్పు ఉండే రకమైతే, ప్రతి కాన్పులోనూ పాపలా అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్క ప్రతితోనే వచ్చే రకమైతే, మీ ఇద్దరిలో ఒకరికే అది ఉన్నప్పుడు సగానికి సగం, అప్పుడు కూడా ఎన్ని పళ్ళు రావో ముందే చెప్పలేం. పళ్ళ వరకే పరిమితమైన లోపమైతే దాని కోసం బిడ్డను వద్దనుకోవాల్సిన అవసరం నాకు కనబడదు. చెమట, జుట్టు, గోళ్ళ లక్షణాలు కూడా ఉంటే, లేదా మేనరికం కాబట్టి వేరే జబ్బుల మాటేమిటన్న టెన్షన్ ఉంటే, గర్భం దాల్చకముందే కౌన్సెలింగ్‌కి వెళ్ళడం మేలు. ఇద్దరికీ కలిపి వేరే జన్యువుల పరీక్ష కూడా అప్పుడే చేయించుకోవచ్చు. గర్భం వచ్చాక వెళ్తే టైమ్ తక్కువ, కంగారు ఎక్కువ.

డెంటిస్టు దగ్గరికైనా, జెనెటిక్స్ విభాగానికైనా వెళ్ళేటప్పుడు ఓపీజీ అసలు ఫిల్మూ, మీ నాన్నగారి పాత ఎక్స్‌రేలు ఏవైనా ఉంటే అవీ తీసుకెళ్ళండి. మీ ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్ళండి, డాక్టరు చెప్పేది ఆయన స్వయంగా వినాలి.